జడ్జి గారి టోపీకి వెండి తాడు

2017 మార్చి 14, మంగళవారం, ఉదయం తొమ్మిదింపావుకు ఆ పెట్టె మా వర్క్‌షాప్ సరుకుల లిఫ్టులోంచి దిగింది. అందులో పందొమ్మిదో శతాబ్దపు జర్మన్ న్యాయమూర్తి ఒకాయన వేసుకున్న నల్ల గౌను, వెల్వెట్ టోపీ ఉన్నాయి. సింగపూర్‌లో చాంగీ బిజినెస్ పార్క్ వెనక ఉన్న ఆ వర్క్‌షాప్‌లో నేను అప్పటికి సీనియర్ వస్త్ర సంరక్షకురాలిని. రిటైరవడానికి ఇంకా ఇరవై ఒక్క నెలలు ఉన్నాయి.

వస్త్ర సంరక్షణ అంటే పాత బట్టను కొత్తదానిలా చేయడం అని చాలామంది అనుకుంటారు. అది డ్రై క్లీనర్ పని. మేము చేసేది మూడు పనులు: బట్టను చూడటం, చూసింది రాయడం, అది ఇంతకంటే పాడవకుండా ఆపడం. కుట్టక తప్పకపోతే, రేపు ఇంకొకరు విప్పగలిగేలా కుట్టాలి. నేను చీరాల్లో నేతవాళ్ళ ఇంట్లో పుట్టాను. జౌళి రసాయనశాస్త్రం చదివాను, పెళ్ళై సింగపూర్ వచ్చాను. బట్టను చూడటం ఇంట్లో నేర్చుకున్నదే. చూసింది రాయడం మాత్రం ఇక్కడ నేర్చుకున్నాను.

ఆ ఏడాది రాఫెల్స్ ప్లేస్‌లో ఒక న్యాయవాదుల సంస్థ తన భవనం కింది అంతస్తులో వివిధ దేశాల కోర్టు దుస్తుల ప్రదర్శన పెట్టదలిచింది. దానికి రిజిస్ట్రార్ శ్రావణి. ప్రదర్శనకు వచ్చే వస్తువు ఎవరిది, ఏ షరతు మీద వచ్చింది, ఎప్పుడు తిరిగి వెళ్ళాలి అన్నవన్నీ రిజిస్ట్రార్ చూసుకోవాలి. శ్రావణిది కరీంనగర్. భర్త మా పక్క భవనంలోనే బ్యాంకులో పనిచేసేవాడు. ఆఫీసులో నన్ను మేడమ్ అనేది, రైల్లో ఆంటీ అనేది. ఏదైనా అడగాల్సి వస్తే ఆఫీసులో కూడా ఆంటీయే.

గౌను, టోపీల యజమాని లీలావతి గారు. వయసు డెబ్బై తొమ్మిది. ఆవిడ తాత శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటల పనికి వచ్చాడట. తండ్రి ఇక్కడి కోర్టులో బంట్రోతు. ఆవిడ 1961లో వాల్టర్ అనే జర్మన్ సంతతి మనిషిని రిజిస్ట్రీలో పెళ్ళి చేసుకుంది. వాల్టర్‌ది ఓడలకు కాన్వాసు, తెరచాపలు కుట్టే దుకాణం. 2011లో పోయాడు. ఆ న్యాయమూర్తి వాల్టర్‌కు ముత్తాత. కుటుంబం పేరు బయటికి రాకూడదని లీలావతి గారు షరతు పెట్టారు కాబట్టి ఇక్కడ కూడా ఆయన్ని న్యాయమూర్తి అనే రాస్తున్నాను.

కుటుంబంలో చెప్పుకునే కథ ఇది. న్యాయమూర్తి యూదు కుటుంబంలో పుట్టాడు. తండ్రి ధాన్యం వ్యాపారి. కొడుకు లా చదివి ప్రభుత్వ పరీక్షలన్నీ ప్యాసయ్యాడు. ఆయన ఉన్న రాజ్యంలో ఆ రోజుల్లో న్యాయమూర్తి పీఠం క్రైస్తవులకే ఇచ్చేవారు. ఆయన బాప్తిస్మం తీసుకుని, ఇంటి పేరు మార్చుకుని, ఉద్యోగంలో చేరాడు. తండ్రి అతన్ని మళ్ళీ గడప తొక్కనివ్వలేదు. అయినా చివరికి కోర్టు అధ్యక్షుడి పదవి దక్కింది. దానికి గుర్తు టోపీ చుట్టూ ఉన్న వెండి తాడు. తర్వాతి శతాబ్దం ముప్పైల్లో ఆ దేశం మళ్ళీ ఎవరి తాత ఎవరని లెక్కలు తీసినప్పుడు ఆ బాప్తిస్మం మనవడికి పనికిరాలేదు. మనవడు భార్యనూ, చిన్న పిల్లవాడైన వాల్టర్‌నూ, ఒక ట్రంకు పెట్టెనూ తీసుకుని ఓడెక్కి సింగపూర్ చేరాడు.

పెట్టెతోపాటు లీలావతి గారు కూడా టాక్సీలో వచ్చారు. నేను తెలుగుదాన్నని తెలియగానే వరస కలిపేశారు.

"సెల్లీ, మక్కాన్ అయిందా, తిన్నావా? గౌను ఎలాగైనా సూసుకో, టోపీ మాత్రం జాగర్త. ఆ తాడు చూసే మా నాన్న మా ఇంటికొచ్చాడు. పెళ్ళైన పదిహేనేళ్ళకి."

మర్యాదకు తల ఊపాను. ఆ మాట రాసుకోలేదు. అప్పటికి అది వస్తువుకు సంబంధించిన సమాచారం కాదు.

బయటి నుంచి వచ్చిన ఏ ఉన్ని బట్టనైనా ముందు గాలి చొరని సంచిలో కట్టి వారం రోజులు ఫ్రీజర్లో పెడతాం. పురుగులు, వాటి గుడ్లు చచ్చిపోవాలి. ఈ సంగతి చెబితే శ్రావణి, "అయ్యో, జడ్జి సాబ్‌ను చేపల లెక్క ఫ్రీజర్ల పెడ్తున్నరా మేడమ్?" అంది. లీలావతి గారు, "పరవాలేదమ్మా. ఆ దేశపోడికి సలేటి?" అన్నారు.

వారం తర్వాత గౌను బల్ల మీద పరిచాం. మంచి ఉన్ని. ముందు అంచులకు వెల్వెట్ పట్టీ. మోచేతుల దగ్గర లైనింగ్ మూడుసార్లు మార్చారు, మూడూ వేర్వేరు కాలాల గుడ్డలు. వెనక కూర్చునే చోట ఉన్ని నూగు పూర్తిగా పోయి అద్దంలా నున్నగా ఉంది. దీన్నిబట్టి గౌను తొడిగిన మనిషి చాలా ఏళ్ళు బల్లకు మోచేతులు ఆనించి కూర్చున్నాడని చెప్పవచ్చు. ఆ కుర్చీ ఏ హోదాదో గౌను చెప్పదు. ఆ రాజ్యపు దుస్తుల నియమం ప్రకారం మామూలు న్యాయమూర్తికీ, అధ్యక్షుడికీ గౌను ఒకటే. తేడా టోపీలో ఉంటుంది. మామూలు న్యాయమూర్తికి ఉత్త వెల్వెట్ టోపీ, అధ్యక్షుడికి దాని మీద వెండి తాడు.

టోపీని సంచిలోంచి తీసినప్పుడే నాకు ఒకటి నచ్చలేదు. తాడు మెరుస్తోంది.

సింగపూర్ గాలిలో ఎనభై ఏళ్ళున్న వెండి మెరవకూడదు. మా ఇంట్లో నా పెళ్ళిచీర సరిగే పాతికేళ్ళకు నల్లబడింది. దీన్ని ఎవరైనా తోమారా అంటే, తోమితే పక్కనున్న వెల్వెట్ మీద మరకలుండాలి. లేవు. చిన్న పోగు తీసి మైక్రోస్కోప్ కింద పెట్టాను. అది వెండి కాదు. అల్యూమినియం పూత పూసిన ప్లాస్టిక్ పొర. పరదాలకు కట్టే తాళ్ళలో వాడతారు. కుట్టిన దారం పాలియెస్టర్. దాన్ని కుట్టేముందు మైనం పట్టించారు. పాలియెస్టర్ అనేది న్యాయమూర్తి చనిపోయి చాలాకాలమయ్యాక పుట్టిన దారం.

పాత తాడు ఊడిపోతే కొత్తది వేసి ఉండవచ్చు కదా అని మీరడగవచ్చు. నేనూ అదే అడిగాను. వెల్వెట్‌లో సూది దిగితే ఆ రంధ్రం మూసుకోదు. తాడు ఏళ్ళతరబడి నొక్కిన చోట నూగు లేవదు. ఒకప్పుడు వేరే తాడు ఉండి ఉంటే రెండో వరస రంధ్రాలు కనిపించాలి. టోపీ చుట్టూ వెతికాను. ఒక్క వరసే ఉంది, అది పాలియెస్టర్ దారానిదే. ఆ టోపీ న్యాయమూర్తి తల మీద ఉన్నంతకాలం దాని మీద తాడు లేదు.

స్థితి నివేదికలో ఇదంతా రాశాను. వస్తువు ఎలా ఉంది, దేనితో చేశారు, ఏ భాగం ఎప్పటిది అన్నది ఆ నివేదికలో ఉండాలి. మర్నాడు శ్రావణి చదువుకుని నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చింది.

"మేడమ్, పోస్టర్ ప్రెస్సుకు పోయింది. 'కోర్టు అధ్యక్షుడి దుస్తులు' అని గింత పెద్దగ వేసిన్రు."

మార్చాలన్నాను.

"ఒక్క తాడు కోసమా?"

"ఆయన అధ్యక్షుడైంది కూడా ఒక్క తాడు వల్లే."

శ్రావణి కుర్చీ దగ్గరికి లాక్కుని, "ఆంటీ, మీ కాళ్ళు మొక్కుత. ఆ ముసలామెకు చెప్పకండ్రి. లేబుల్ మీద హోదా రాయం, ఉత్తగ 'టోపీ, తాడుతో' అని రాస్తం. అబద్ధం కాదు గదా?" అంది.

అబద్ధం కాదు, నిజమే. కానీ చూసేవాళ్ళకు అది అధ్యక్షుడి టోపీయే అవుతుంది. పైగా లేబుల్‌లోని ప్రతి మాటనూ యజమాని ఆమోదించాలని ఒప్పందంలో ఉంది. పరీక్షలో తేలిన ఏ విషయమైనా ముందు యజమానికి, ఎదురుగా కూర్చుని చెప్పాలన్నది మా వర్క్‌షాప్ నియమం. ఆ నియమం పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. అలాగని శ్రావణి భయం అర్థంలేనిది కాదు. లీలావతి గారు అలిగి గౌను వెనక్కి తీసుకుంటే ప్రదర్శనలో మధ్య గది ఖాళీ.

చెప్పేముందు ఇంకో ఆధారం కావాలని శ్రావణి జర్మనీలో ఆ ప్రాంతపు ప్రభుత్వ దస్తావేజుల కార్యాలయానికి రాసింది. మూడు వారాలకు జవాబు వచ్చింది. న్యాయమూర్తి ఒక చిన్న ఊరి కోర్టులో చేరాడు. ముప్పై ఒక్క ఏళ్ళు అదే కోర్టులో, అదే హోదాలో ఉన్నాడు. ఆయన కింద చేరినవాళ్ళు ఆయన్ని దాటి పైకి వెళ్ళారు. రిటైరైన రోజున నాలుగో తరగతి పతకం ఇచ్చారు. బాప్తిస్మం ఆయనకు తలుపు తెరిచింది కానీ మెట్లు ఎక్కనివ్వలేదు.

ఏప్రిల్ 27, గురువారం, మధ్యాహ్నం మూడింటికి లీలావతి గారు వచ్చారు. చేతిలో హాకర్ సెంటర్ తిండి దుకాణంలో కొన్న అరటిపండు బజ్జీల పొట్లం. వర్క్‌షాప్‌లోకి తినే వస్తువులు తేకూడదు. దాన్ని బయట లాకర్లో పెట్టించాను. ఆవిడకది నచ్చలేదు.

నేను వరసగా చెప్పాను: దారం, తాడు, రంధ్రాలు, ఉత్తరం. ఆవిడ అడ్డు రాకుండా విన్నారు. అయ్యాక అడిగిన మొదటి మాట: "అంటే మా వాల్టర్ నాకు అబద్ధం సెప్పాడంటావు."

తాడు ఎవరు కుట్టారో నాకు తెలియదన్నాను. ఎప్పటి తర్వాత కుట్టారో మాత్రమే తెలుసు.

"వాళ్ళ నాన్న కుట్టుంటాడు. లేదంటే వాళ్ళమ్మ. జర్మనోళ్ళు గొప్పలకి పోతారు." తర్వాత శ్రావణి వైపు తిరిగి, "ఇదిగో అమ్మాయ్, ఆయన మతం వదిలాడు, నాన్నని వదిలాడు. అంతా వదిలి మామూలు జడ్జీగానే సచ్చిపోయాడా? మరెందుకు వదిలినట్టు?" అన్నారు.

నేను మైక్రోస్కోప్ తెర ఆవిడ వైపు తిప్పాను. యజమాని అడిగినా అడగకపోయినా ఆధారం చూపించాలి. తాడు చివరను పెద్దది చేసి చూపించాను. మెరిసే పొరల మధ్య ఒక నీలం పోగు చిక్కుకుని ఉంది. నివేదికలో దాన్ని 'నీలం పోగు, ఎక్కడిదో తెలియదు' అని రాసి ఉంచాను.

ఆవిడ కళ్ళజోడు సరిచేసుకుని తెరకు దగ్గరగా వంగారు.

"నీలం ఏటందులో?"

తెలియదన్నాను.

"అలమాక్!" అని నోటి మీద చెయ్యి పెట్టుకున్నారు. చెయ్యి తీసి, "కుట్టు సూపించు. ముడి ఎక్కడుంది?"

ముడి లేదని చూపించాను. దారం మొదలూ చివరా కుట్ల కిందికే దూర్చి అణిచేశారు. మైనం పట్టిన దారం కాబట్టి జారలేదు. దర్జీలు అలా కుట్టరు.

"వాల్టర్ ముడెయ్యడు. తెరచాపకి ముడేస్తే గాలికి అక్కడే సిరుగుతాదంట. నా జాకెట్టుకి హుక్కు కుట్టినా ముడెయ్యడు, రెండోరోజుకి ఊడొచ్చేది. ఎన్నిసార్లు తిట్టానో."

అక్కడి నుంచి చాలావరకు నేను అడక్కుండానే ఆవిడే చెప్పారు. 1976లో వాళ్ళకు బెడోక్‌లో కొత్త ఫ్లాట్ వచ్చింది. హాలుకు రెండు పరదాలు, వాటికి వెండి, నీలం కలిపి పేనిన రెండు తాళ్ళు కొన్నారు. పదిహేనేళ్ళుగా ఆవిడ ముఖం చూడని తండ్రికి గృహప్రవేశానికి రమ్మని వాల్టర్ స్వయంగా వెళ్ళి చెప్పాడు. తండ్రి పెళ్ళిని ఒప్పుకోలేదు. కూతురు వేరే మతంవాడి ఇంటికి పోయి లీలావతి కాస్తా లిల్లీ అయిందని ఆమె పేరే ఎత్తనిచ్చేవాడు కాదు. ఆయన కోర్టులో జీవితమంతా జడ్జీల కుర్చీ వెనక నిలబడ్డ మనిషి. వేసుకున్న బట్టను చూసి హోదా చెప్పగలిగేవాడు. మామూలు జడ్జి వస్తే తలవంచేవాడు. పెద్ద జడ్జి వస్తే రెండు చేతులూ జోడించేవాడు.

"గృహప్రవేశానికి రెండ్రోజుల ముందు ఒక పరదా తాడు కనబళ్ళేదు. మా పెద్దది ఆడుకుని పారేసిందని దాన్ని చావగొట్టాను. అది నేను కాదమ్మా, నేను కాదమ్మా అని ఒకటే ఏడుపు. వాల్టర్ అక్కడే కూకుని పేపరు చదూతున్నాడు."

"ఏమనలేదా ఆయన?" అని శ్రావణి అడిగింది.

"చుమ్మా, ఉత్తినే కూకున్నాడు. మర్నాడు దానికి ఐస్‌క్రీం కొనిపెట్టాడు."

అంతకు ముందు టోపీ చూశారా అని అడిగాను. అది ట్రంకులో ఉండేదనీ, ఆ టోపీతో తనకేం పననీ అన్నారు. గృహప్రవేశం రోజున మొదటిసారి అద్దాల బీరువాలో పెట్టారు. తండ్రి వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. వాల్టర్ బీరువా తెరిచి, మలయ్‌లో, ఇది మా ముత్తాతది, తాడు ఉంటే అధ్యక్షుడు, లేకపోతే మామూలు జడ్జి అని చెప్పాడు. తండ్రి లోపలికి వచ్చి, టోపీకి రెండు చేతులూ జోడించి, కూర్చుని భోంచేశాడు. ఆ తర్వాత చనిపోయేదాకా ప్రతి ఆదివారం వచ్చాడు.

ఇంత చెప్పి ఆవిడ తెర వైపే చూస్తూ అన్నారు. "ఇన్నాళ్ళూ మా నాన్న నా కోసం వొచ్చాడు, ఈ తాడు సాకు అనుకున్నాను. ఇప్పుడు సూడు, ఆయన దణ్ణం పెట్టింది నీలం పోగులు పీకేసిన నా పరదా తాడుకి."

శ్రావణి, "అట్ల గాదు లీలావతి ఆంటీ. ప్రతి ఆదివారం టోపీని చూసేటందుకే వస్తరా ఎవరన్న?" అంది.

"వొచ్చిన ప్రతిసారీ ముందు బీరువా కాడికే పోయేవాడమ్మా."

నేను మైక్రోస్కోప్ ఆపి, నివేదిక ఆవిడ ముందు పెట్టాను.

తాడును ఏం చేయాలన్న నిర్ణయం యజమానిది. మా నియమాల ప్రకారం రెండు దారులున్నాయి. తాడును టోపీ చరిత్రలో భాగంగా ఉంచి, అది ఎప్పుడు, ఎందుకు చేరిందో లేబుల్ మీద రాయవచ్చు. లేదా తీసేసి, టోపీని న్యాయమూర్తి పెట్టుకున్నట్టు చూపవచ్చు. రెండూ సరైనవే. మొదటి దారి ఎంచుకుంటే ఆవిడ ఇంటి సంగతి రాఫెల్స్ ప్లేస్‌లో దారినపోయేవాళ్ళందరూ చదువుతారని కూడా చెప్పాను.

"విప్పీ సెల్లీ. ఆ పెద్దాయన టోపీ ఆయనకిచ్చీ. పాపం, ఉన్నది కూడా మనం ఉండనివ్వలేదు." లేచి నిలబడి మళ్ళీ అన్నారు. "ఇంక నా బజ్జీలు ఇస్తావా లేదా? సల్లారిపోయుంటాయి."

మర్నాడు ఉదయం నేనే విప్పాను. వంపు సూదితో దారాన్ని పైకి లేపి, ఒక్కో కుట్టు తెంచి, పోగులన్నీ ఏరి చిన్న కవరులో పెట్టాను. వాల్టర్ గట్టిగా కుట్టాడు. గాలికి చిరగని కుట్టు. మామూలుగా ఇలాంటి పని గంటలో అయిపోతుంది. దీనికి మధ్యాహ్నం దాటింది. తాడును ఆమ్లం లేని కాగితంలో చుట్టి లీలావతి గారికి అప్పగించి సంతకం తీసుకున్నాం. ఆవిడ దాన్ని పొట్లంలోంచి తీసి చూడలేదు. చేతిసంచిలో గొడుగు కింద పెట్టుకున్నారు.

పోస్టర్ మళ్ళీ అచ్చువేశారు. లేబుల్ మీద 'న్యాయమూర్తి. ఒకే కోర్టులో ముప్పై ఒక్క ఏళ్ళు' అని మాత్రం ఉంది. జూన్‌లో ప్రదర్శన మొదలైన రెండో ఆదివారం లీలావతి గారు ఇద్దరు మనవళ్ళను తీసుకొచ్చారు. చిన్నవాడు అద్దానికి ముక్కు ఆనించి, "అమ్మమ్మా, జస్ట్ హ్యాట్ ఓన్లీ లా?" అన్నాడు. ఆవిడ, "ఆఁ, టోపీయే" అన్నారు. అక్కడి నుంచే పెద్దకూతురికి ఫోన్ చేసి, సాయంత్రం ఇంటికి రమ్మన్నారు. ఎందుకో మాకు చెప్పలేదు.

ఈ వ్యవహారం వల్ల నా పనిలో వచ్చిన మార్పు ఒక్కటి. అప్పటిదాకా స్థితి నివేదికలో చేర్పుల గురించి మూడు ప్రశ్నలుండేవి: ఏమిటి, ఎప్పుడు, దేనితో. నాలుగోది నేను చేర్చాను: ఎవరు చూడాలని. యజమాని మొదటి రోజు పెట్టెతోపాటు తెచ్చే కబుర్లు కూడా ఆ రోజు నుంచి రాసుకున్నాను. నేను రిటైరయ్యాక ఆ నాలుగో ప్రశ్నను తీసేశారని విన్నాను. నింపడానికి ఎక్కువసేపు పడుతోందట.

పోయినవాటి లెక్క ఇది. న్యాయమూర్తికి: పుట్టినప్పటి పేరు, మతం, తండ్రి ఇల్లు, ఆ తర్వాత ఒక పదోన్నతి. లీలావతి గారికి: పదిహేనేళ్ళ పుట్టిల్లు, ఆ తర్వాత, మా బల్ల ముందు కూర్చున్న ఒక మధ్యాహ్నం, అది తిరిగొచ్చిన కారణం. పెద్దమ్మాయికి: చేయని తప్పుకు పడ్డ దెబ్బలు. వాల్టర్‌కు: ఏమీ పోలేదు, అప్పటికే చనిపోయాడు. ప్రదర్శనకు: పోస్టర్ మీద ఒక మాట. టోపీకి: వెల్వెట్‌లో ముప్పై ఆరు సూది రంధ్రాలు. అవి మూసుకోవు.